గాజు లేని చెయ్యి

గాజులమ్మే ఇంట్లో పుట్టి, గాజుతోనే బతుకుతూ, చేతికి మాత్రం ఒక్క గాజు లేకుండా తిరిగే ఆడమనిషి నంద్యాలలో ఎవరైనా ఉన్నారా అంటే, ఉంది. పేరు ఆయేషా. వయసు నలభై ఆరు. పొద్దున ఏడు గంటల బస్సులో ఆళ్లగడ్డకు పోతుంది, దీపాలు పెట్టే వేళకు తిరిగి వస్తుంది. ఆ దారిలో కండక్టర్లందరికీ ఆమె తెలుసు. "అక్కా, ఆ మూటలో పగిలేదుంటే వొళ్లో పెట్టుకో, పైన పెట్టొద్దు" అంటారు. ఆమె మూటలో పగలనిది ఏనాడూ ఉండదు.

ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కే శిల్పుల కొట్టాలు వరసగా ఉంటాయి. ఆ వరస వెనక రేకుల షెడ్డు ఒకటి ఆమె పనిచోటు. అద్దెకిచ్చింది గురవయ్య అనే ముసలి శిల్పి. షెడ్డు మధ్యలో బీరువా అంత కరెంటు బట్టీ ఉంటుంది. దాన్ని చేసిచ్చింది ఆమె భర్త జహీర్. నంద్యాలలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే మనిషి, తన చేత్తోనే తీగలు చుట్టి బిగించాడు. "అందురూ పెండ్లాలకు బంగారం జేయిస్తారు. మా ఆమె అడిగిందని నేను బట్టీ జేసిచ్చినా" అని అందరికీ చెప్పి నవ్విస్తాడు.

ఆ బట్టీలో ఆయేషా గాజు కరిగించి అచ్చుల్లో నింపుతుంది. లోటాలు కావు, దీపపు బుడ్లు కావు. ఇంట్లో దేనికీ పనికిరావు. మొదట్లో ఒక ఎండాకాలం దొర్నిపాడు దగ్గర చేలోకి పోయి, నల్లరేగడి నేల నెర్రెలిచ్చిన చోట ఆ నెర్రెల్లోకి సున్నపుపిండి లాంటి ప్లాస్టర్ పోసింది. గట్టిపడ్డాక తవ్వి తీసి, ఆ ఆకారాన్నే గాజులో పోసింది. మోకాలెత్తున ఒక గాజు గోడ తయారైంది. నీళ్లకోసం నోరు తెరిచిన నేల లోపల ఎట్లా ఉంటుందో అందులో కనిపించేది. హైదరాబాదులో ప్రదర్శనకు పెడితే జనం చాలాసేపు నిలబడి చూశారు. ఆ తర్వాత మూడు తరాల ఆడవాళ్లు దంచి దంచి అరగదీసిన ఒక రోటి గుంతను గాజులో తీసింది. నాపరాళ్ల గనిలో బండ లేపేసిన చోటును తీసింది. అన్నీ ఏదో ఒకటి లేకుండా పోయిన చోట్లే. ఇలాంటి బుద్ధి యాడ పుట్టిందమ్మా నీకు అని ఒకసారి గురవయ్య అడిగితే, "మా అమ్మ చేతిలోనప్పా" అంది. ముసలాయనకు అర్థం కాలేదు, మళ్లీ అడగలేదు.

ఆయేషా తల్లి అక్తర్ బేగం. నంద్యాల నుంచి శిరివెళ్ల దాకా, అటు రుద్రవరం దాకా ముప్పై ఊళ్లకు ఆమే గాజులామె. తాళ్లకు గుత్తులు గుత్తులుగా కట్టిన గాజుల మూటను మలారం అంటారు. అది భుజాన వేసుకుని ఉగాదికీ, పీర్ల పండక్కీ, పెళ్లికీ, సీమంతానికీ గడప గడపకూ పోయేది. ఆమెకు కొలత అక్కర్లేదు. చెయ్యి చూసిందంటే రెండుంపావా, రెండున్నరా చెప్పేసేది. తొడిగేటప్పుడు అవతలి చేతి బొటనవేలిని మొదలు దగ్గర లోపలికి మడిచి, నాలుగు వేళ్లనూ దగ్గరికి చేర్చి, అరచేతిని కింద నుంచి ఒక పట్టు పట్టేది. అంతే, బిగుతు గాజు కూడా నెయ్యి రాసినట్టు జారిపోయేది. చంటిపిల్లలు కూడా ఏడ్చేవాళ్లు కాదు. ఎవరి చేతికి తొడిగినా ఒకటే మాట: "చెయ్యి నాకిచ్చెయ్. నీది కాదనుకో."

అలాంటి అక్తర్ బేగం ఆయేషా పన్నెండో ఏట ఒకరోజు పిల్ల చదివే బడికి పోయింది. టీచర్లు రమ్మన్నారు, పండగ దగ్గరికొచ్చింది. వరండాలో మలారం విప్పింది. ఎర్రవి, పచ్చవి, నల్లవి ఎండలో మెరిశాయి. బడిలో ఉన్న ఆడపిల్లలందరూ ముసురుకున్నారు. ఒక టీచరమ్మ, "ముందు మీ ఆయేషాకు తొడుగు బేగం, తర్వాత మాకు" అంది. మంచి మనసుతోనే అంది. అక్తర్ బేగం నవ్వుతూ కూతురి చెయ్యి అందుకుంది.

అప్పటికి ఆ పిల్లకు తల్లి వీధులెంబడి తిరగడమే నామోషీగా ఉంది. ఇప్పుడు బడికే వచ్చింది. చెయ్యి విసురుగా లాక్కుంది. తల్లి ఒళ్లో ఉన్న గుత్తి తెగి గచ్చు మీద పడింది. "ఊరందరి చేతులూ పట్టుకునే చెయ్యి. నా చెయ్యి పట్టుకోవద్దు" అంది. వరండా మొత్తం వింది.

అక్తర్ బేగం ముక్కలన్నీ ఏరి కొంగులో కట్టుకుంది, పిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయని గచ్చంతా అరచేత్తో తుడిచి చూసింది, ఆ తర్వాత టీచర్లకు గాజులు తొడిగి ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి కూతురి చెయ్యి మళ్లీ అడగలేదు. ఆయేషా పెళ్లిలో గాజులు తొడిగింది పిన్నమ్మ. అంతమంది పెళ్లికూతుళ్లకు తొడిగిన మనిషి తన బిడ్డకు తొడిగేటప్పుడు తలుపు దగ్గర నిలబడి చూసింది. పిలిస్తే వచ్చేదే. ఆయేషా పిలవలేదు. సిగ్గుపడింది, రేపు పిలుద్దాంలే అనుకుంది, అలా బడిలో చెయ్యి లాక్కున్న నాటి నుంచి ముప్పై ఏళ్లు రేపు రేపంటూనే గడిచిపోయాయి. పెళ్లి గాజులు ఒక్కటొక్కటే చిట్లిపోయాక కొత్తవి వేసుకోలేదు. ఇంకొకరి చేత తొడిగించుకోవడానికి మనసొప్పలేదు, తల్లిని అడగడానికి నోరు రాలేదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇంట్లో గాజు విలువా దూరం పోయాకే తెలిసింది. బొమ్మల కాలేజీలో చదివి, ఉత్తరాదిలో ఒక కార్ఖానాలో మొదటిసారి కరిగిన గాజును చూసిననాడు ఆయేషాకు తల్లి కొంగులో ముక్కలే గుర్తొచ్చాయి. అప్పటి నుంచి వేరే పని పట్టుకోలేదు. తల్లి ఆళ్లగడ్డ బట్టీ దగ్గరకు వచ్చి కూర్చునేది, ఏం చేస్తున్నావని అడిగేది కాదు, చల్లారిన గాజును తడిమి చూసి "బాగుంది" అని పోయేది.

రెండేళ్ల కిందట వానాకాలంలో అక్తర్ బేగం జ్వరమొచ్చి పోయింది. ఆసుపత్రిలో ఆఖరి రోజున ఆయేషానే తల్లి చెయ్యి పట్టుకుంది. మడిచి చూసింది, తన వేళ్లను ఆ వేళ్ల మధ్యకు తోసి చూసింది. ఆ చేతిలో పట్టు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆయేషాకు ఆ పూట తెలిసింది.

అటక మీద మలారం మిగిలింది. ఆయేషాకు ఒకటే కోరిక పట్టుకుంది. తల్లి చెయ్యి పట్టే ఆ పట్టును, తల్లి మోసిన గాజులతోనే, గాజులో తీయాలి. ఆ చెయ్యి మధ్యలో ఇంకో చెయ్యి దూరేంత ఖాళీ ఉండాలి. ఒక్కసారైనా తన చెయ్యి అందులో పెట్టాలి.

ఇక్కడ ఒక పిచ్చిపని చేసింది. గాజు పని చేసేవాళ్లెవరికైనా తెలుసు, ఒక కార్ఖానా గాజుకూ ఇంకో కార్ఖానా గాజుకూ పొత్తు కుదరదు. కలిపి కరిగిస్తే కలుస్తాయి, చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుని ఒకటి తక్కువ ముడుచుకుని పగిలిపోతాయి. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఆమే నేర్పిస్తుంది ఈ సంగతి. అయినా ముందు ఒక పరీక్ష అచ్చులో, మలారంలో ఉన్న రంగురంగులవి కలిపి బట్టీలో పెట్టింది. వారం తర్వాత తీస్తే అచ్చులో పెంకులు. మళ్లీ పెట్టింది. మళ్లీ పెంకులే.

గురవయ్య చూసి కోప్పడ్డాడు. "ఏమ్మా, నల్లరాయికి ఎర్రరాయి అతుకుతాదా? నీకు తెల్వదా?"

"తెలుసప్పా."

"తెలిసీ ఎందుకు ఏసినావ్?"

"అమ్మ మోసినవి గదా. దేన్నీ వదల్లేకపోయినా."

ముసలాయన తల కొట్టుకుని పోయాడు. ఇక మలారంలో మిగిలింది ఒకే ఒక రకం. ఒకే కార్ఖానావి, ఒకే పెట్టెలో వచ్చినవి, సాదా ఆకుపచ్చ మట్టి గాజులు ఇరవై డజన్లు. ఒక చెయ్యి పోయడానికి సరిగ్గా సరిపోతాయి. ఇది కూడా పగిలితే తల్లి మోసిన గాజు లోకంలో ఇంకెక్కడా లేదు.

గాజు సంగతి అలా ఉంటే, పట్టు సంగతి అంతకన్నా కష్టమైంది. ఆయేషాకు ఆ పట్టు తెలియదు. కళ్లతో చూసింది వేలసార్లు. చేతికి తెలియదు. జహీర్ చెయ్యి పట్టుకుని ప్రయత్నించింది, అద్దం ముందు తన చెయ్యి తనే పట్టుకుంది. అప్పుడు తోచింది, ఆ పట్టు తల్లి దగ్గరే కాదు, తొడిగించుకున్న చేతులన్నిటి దగ్గరా ఉంటుందని.

అలా తల్లి తిరిగిన దారి పట్టింది. చాలా ఊళ్లలో ఆడవాళ్లు గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చారు, మీ అమ్మ మాదిరి ఎవురూ ఎయ్యరమ్మా అన్నారు. పట్టి చూపించమంటే ఒకరొకరు ఒక్కో రకంగా పట్టారు. గాజు జారడమే వాళ్లకు గుర్తుంది. ఇప్పుడంతా ఫ్యాన్సీ షాపుల్లో ఎవరికి వాళ్లు తొడుక్కోవడమే కదా. చివరికి ఒక ఊళ్లో, "శిరివెళ్ల అవతల ఉమామహేశ్వరమ్మను అడుగు. మీ అమ్మ యాడికి పోకున్నా ఆమింటికి పోతాండె" అన్నారు.

ఉమామహేశ్వరమ్మ ఎనభైకి దగ్గర పడిన రెడ్డి రైతు ఇంటి మనిషి. ఆయేషా పోయేటప్పటికి వాకిట్లో శనగలు ఎండబోసి, కాలితో పలచగా పరుస్తూ కోళ్లను తోలుతూ ఉంది.

"ఎవురు పాపా నువ్వు?"

"నంద్యాల గాజుల అక్తర్ బేగం కూతుర్ని పెద్దమ్మా."

"గాజులామె కూతురా? ఆమె యాడ? రెండేండ్లాయ, ఈ పక్కకే రాల్యా."

"లేదు పెద్దమ్మా. రెండేండ్ల కిందనే చనిపోయింది."

ముసలామె కాలు ఆగింది. "ఒక మాట చెప్పి పంపనన్నా లేదే మీరు" అంది. ఆ మాటకు ఆయేషా తలొంచుకుంది. అప్పుడు కనిపించింది, ముసలామె రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. మోచేతి దాకా పచ్చబొట్టు తప్ప ఏమీ లేదు. తప్పు ఇంటికి వచ్చాననుకుంది.

"ఏందట్ల చూస్తాండావ్? ఇరవై ఆరేండ్లాయ నాకు గాజుల్లేక" అంది ముసలామె. "మా ఆయప్ప పొయ్యినాక గూడా మీ అమ్మ ఏడాదికి ఒకసారి వస్తాండె. మలారం ఇప్పేది కాదు. నా చెయ్యి పట్టుకునేది, గాజులేసేటప్పుడు పట్టుకుంటాది చూడు, అట్లనే. కొంచెం సేపు పట్టుకుని, మంచినీళ్లు తాగి పోయేది."

జాలిపడి వచ్చేదేమో అనుకుంది ఆయేషా. "ఆ పట్టు నాకు చూపిస్తావా పెద్దమ్మా?" అంది.

"నాకు పట్టిచ్చుకోవడమే ఒచ్చు, పట్టుకోవడం యాడొస్తాది?" అంటూనే ముసలామె ఆయేషా చెయ్యి తీసుకుంది. బొటనవేలిని మడిచింది. కాదని వదిలింది. కళ్లు మూసుకుని మళ్లీ పట్టుకుంది. "ఇంకా కిందికి... చిటికెన వేలు ఈడ ఆనేది... ఆఁ. ఇట్ల." ఇరవై నాలుగేళ్లపాటు మధ్యలో గాజు అడ్డం లేకుండా అందుకున్న పట్టు. ఒక్క వేలు కూడా మరిచిపోలేదు.

"ఏందీ, కట్టె మాదిరి పెట్టినావ్? వదులుగా ఇడువు" అంది ముసలామె.

వదలాలనే చూసింది, చేతకాలేదు. ఆ మరుసటి వారం పళ్ల డాక్టర్లు అచ్చు తీసే పొడి తెచ్చి అక్కడే ఒక బకెట్టులో కలిపింది. ఇద్దరి చేతులూ అట్లాగే పట్టుకుని అందులో ముంచారు. "పండ్లు కట్టే పొడిలో చేతులు పెట్టిస్తివే, ఇంక నాకు నోట్లో ఎప్పుడు కట్టిస్తావ్?" అని ముసలామె బోసినోటితో నవ్వింది.

షెడ్డుకు వచ్చి ఆ అచ్చులో మైనం పోసింది. రెండు చేతులూ ఒకదాన్నొకటి అంటుకుని వచ్చాయి. పట్టుకున్న చెయ్యి మెత్తగా ఉంది. పట్టించుకున్న చెయ్యి, అంటే తనది, నరాలు తేలి బిగుసుకుని, వెనక్కి లాగుతున్నట్టే ఉంది. పన్నెండేళ్లప్పటి బుద్ధి ఈ చేతిని ఇంకా వదల్లేదని ఆయేషాకు ఏడుపొచ్చింది. కత్తి వేడిచేసి తన చెయ్యి మైనాన్ని కొంచెం కొంచెంగా తొలిచేసింది. పట్టుకున్న చెయ్యి మాత్రం మిగిలింది, దాని లోపల ఖాళీ మిగిలింది.

దాని చుట్టూ ప్లాస్టర్ పోసి, మైనాన్ని ఆవిరితో కరిగించి తీసేసి, అచ్చును బట్టీలో నిలబెట్టింది. పచ్చగాజులు డజను డజనుగా తాళ్లు విప్పి అచ్చు నోట్లో వేయడం మొదలుపెట్టింది. పందొమ్మిది డజన్లు వేసింది. ఇరవయ్యోది విప్పబోయి ఆగిపోయింది. ఆ దారం ముడి తల్లి వేసింది. అదొక్కటి పక్కన పెట్టి బట్టీ తలుపు మూసింది.

గాజు కరగడానికి ఒక్క రోజు చాలు. చల్లారడానికి ఆరు రోజులు. తొందరపడి తలుపు సందు తెరిచినా పగులుతుంది. ఆ ఆరు రోజులూ బట్టీ దగ్గర కూర్చుని, తల్లి కూర్చునే స్టూలు మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. గురవయ్య వచ్చి నిలబడే మాట్లాడి పోయాడు.

ఏడో రోజు పొద్దున అచ్చు పగలగొట్టారు. గురవయ్య రాయికి దోషం ఉందో లేదో ఎట్లా చూస్తాడో అట్లాగే, వేలి కణుపుతో ఆ గాజు చెయ్యిని తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల పగులుంటే బొదబొదమంటుంది. ఇది ఖంగుమంది.

"పలుకుతాందమ్మా" అన్నాడు. "రాయైతే దీనికి పానముందంటాం."

చెరువు నీళ్ల రంగులో ఒక చెయ్యి, ఇంకో చెయ్యిని పట్టుకున్నట్టు వంగి ఉంది. ఒక్క లోపం. చిటికెన వేలి కొస నిండలేదు, మొండిగా ఆగిపోయింది. ఎందుకు తక్కువైందో ఆయేషాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తనే దాచుకుంది. అందరూ పోయాక మెల్లగా తన చెయ్యి అందులో దూర్చి చూసింది. సగం దాకా పోయి కణుపుల దగ్గర ఆగిపోయింది. గాజు చల్లగా ఉంది. అంతే, ఇంకేం లేదు. ఇన్నాళ్లూ దీనికోసమా అనిపించింది.

మర్నాడు పత్తి కుక్కిన అట్టపెట్టెలో దాన్ని పెట్టుకుని, పచ్చగాజుల డజను కొంగున కట్టుకుని శిరివెళ్ల అవతలికి పోయింది. ఉమామహేశ్వరమ్మ మంచం మీద కూర్చుని పెట్టె తెరిపించింది. ముందు చూడలేదు, తడిమింది. తర్వాత తన చెయ్యి ఆ ఖాళీలో పెట్టింది. తేలిగ్గా దూరిపోయింది.

"ఆమే" అంది. ఇంకా తడిమి, "చిటికెన వేలు పొట్టిగుందే?" అంది.

"ఒక డజను కరగబెట్టలేక దాపెట్టినా పెద్దమ్మా. అందుకే తక్కువైంది." కొంగు ముడి విప్పి గాజులు చూపించింది. "ఇవి నువ్వు నా చేతికి ఎయ్యి. మా అమ్మ పట్టు నీ చేతిలోనే ఉంది."

ముసలామె చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "నా మాదిరి మనిషి ఎయ్యగూడదు పాపా. పచ్చగా ఉన్న మొగుడున్నాడు నీకు."

ఆయేషా గాజులు మంచం మీద పెట్టింది. ఇన్నాళ్లూ అడగనిది అప్పుడు అడిగింది. "నీకు గాజులు అమ్మేది లేదు, ఎయ్యనూ గూడదు. మరి మా అమ్మ నీ దగ్గరికి ఎందుకొస్తాండె పెద్దమ్మా? జాలికా?"

"జాలా? నేను గూడా అట్లే అనుకుని ఒకసారి కసిరినా. గాజులెయ్యని చెయ్యితో నీకేం పని, పో అన్నా." ముసలామె ఆయేషా మణికట్టు వైపు చూసింది, అక్కడ ఏమీ లేదు. "అప్పుడు చెప్పినాది మీ అమ్మ. 'మా ఇంట్లో ఇట్లాంటి చెయ్యే ఒకటుంది రెడ్డెమ్మా. గాజు లేని చెయ్యి. అది నాకియ్యదు. కోపం గాదు, దానికి సిగ్గు. అది ఇచ్చేదాకా నీ చెయ్యి పట్టుకుని పోతా' అన్నాది. ఏటేటా వచ్చినప్పుడు అడుగుతాంటి, ఇచ్చిందా అని. ఇంకా లేదు రెడ్డెమ్మా, ఇస్తాదిలే అంటాండె."

ఇరవై నాలుగేళ్లు తల్లి ఈ వాకిట్లో ఆయేషా చెయ్యే పట్టుకుని పోయింది. తనేమో నంద్యాలలో, తల్లి ఉన్న ఇంట్లోనే, రేపు అడుగుదాం అనుకుంటూ పడుకుంది. ఏడుపు ఆపుకోలేక మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. కాసేపటికి కుడిచెయ్యి చాపింది.

"గాజులెయ్యను" అంది ముసలామె. "పట్టుకుంటా." బొటనవేలు మడిచి, నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి, కింద నుంచి పట్టు పట్టింది. "చెయ్యి నాకిచ్చెయ్. నీది కాదనుకో."

ఈసారి ఆయేషా చెయ్యి ఇచ్చేసింది. ఇద్దరూ చాలాసేపు అట్లాగే ఉండిపోయారు. వాకిట్లో కోళ్లు శనగల్లో పడ్డాయి, తోలడానికి ఎవరూ లేవలేదు. తల్లి వేసిన ముడి విప్పకుండానే పచ్చగాజుల డజను మంచం మీద ఉంది.